ఆరుగురికి ఒకే మెయిల్‌బాక్స్: ఏ మెయిల్ ఎవరిదో తేలేలా పెట్టుకోవడం ఎలా

పదిమందిలో పాము చావదంటారు. ఆ మాట ఆఫీసు మెయిల్‌కి ఎంత బాగా వర్తిస్తుందో నాకు ఒక కొటేషన్ వల్ల తెలిసింది. విడిభాగాలు అమ్మే చిన్న సంస్థలో ఆరుగురం ఒకే మెయిల్ ఐడీ వాడేవాళ్లం. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. ఓటీపీ మాత్రం ఒక్కరి ఫోన్‌కే వచ్చేది, ఆయన సెలవు పెడితే అందరికీ సెలవే. ఒక పాత కస్టమర్ ధర అడిగితే పొద్దున నేనో రేటు పంపాను, మధ్యాహ్నం నా పక్క సీటాయన ఇంకో రేటు పంపాడు. కస్టమర్ ఏ రేటు పట్టుకుని కూర్చున్నాడో చెప్పక్కర్లేదు. అదే నెలలో ఇంకో మెయిల్ తొమ్మిది రోజులు జవాబు లేకుండా ఉండిపోయింది. ఎవరో తెరిచారు కాబట్టి అది చదివినట్టు కనిపించింది. చదివారు కదా, జవాబు కూడా ఇచ్చేసి ఉంటారని మిగతావాళ్లం అనుకున్నాం.

ఆ తర్వాత మార్చుకున్న పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. మైక్రోసాఫ్ట్ 365లో ఒక షేర్డ్ మెయిల్‌బాక్స్ (ఒకే అడ్రసుని చాలామంది ఎవరి లాగిన్‌తో వాళ్లు తెరిచే పెట్టె), దాని వెనక పవర్ ఆటోమేట్ ఫ్లోలు రెండు (ఫలానాది జరిగితే ఫలానా పని దానంతటదే అయ్యేలా మనం పేర్చే అడుగులు), ఒక లిస్టు. ఫ్లోలు రెండు పనులే చేస్తాయి: వచ్చిన ప్రతి మెయిల్‌నీ లిస్టులోకి ఎక్కించడం, ఆలస్యమైనవాటిని గుర్తు చేయడం. కస్టమర్‌కి జవాబు రాయడం, ఆ పని ఎవరికివ్వాలో తేల్చడం మనుషులే చెయ్యాలి. ఈ రెండూ కూడా యంత్రానికే వదిలేద్దామని ఒకసారి చూశాం. ఎందుకు వెనక్కి వచ్చామో కింద చెబుతాను.

మీరు గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతుంటే ఇంత శ్రమ లేదు. గూగుల్ గ్రూప్స్‌లో ఒక గ్రూపు పెట్టి, దాని సెట్టింగ్స్‌లో ‘కొలాబరేటివ్ ఇన్‌బాక్స్’ ఆన్ చేస్తే మెయిల్‌ని ఒకరికి అప్పగించడం, పూర్తయిందని గుర్తు పెట్టడం అందులోనే ఉంటాయి. బయటివాళ్లు ఆ గ్రూపుకి మెయిల్ పంపేలా అనుమతి ఇవ్వడం మాత్రం మరిచిపోకండి. ఇక్కడి నుంచి మాట్లాడేదంతా మైక్రోసాఫ్ట్ 365 గురించే.

మెయిల్‌బాక్స్ పెట్టడం

ముందు పేరు తేల్చుకోండి. మనిషి పేరు వద్దు, పని పేరు పెట్టండి. సేల్స్, సపోర్ట్, ఇన్ఫో లాంటి పేర్లు ఏ పనికి వాడాలో 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఒకటి రాసిపెట్టింది. ఆర్ఎఫ్‌సీ 2142 దాని నంబరు. ప్రపంచంలో సగం కంపెనీల ఐడీలు ఒకేలా కనిపించేది ఊరికే కాదు. మీరూ అదే దారిలో వెళ్లండి. కస్టమర్ మీ ఐడీ మరిచిపోయినా ఊహించి రాయగలగాలి.

అడ్మిన్ సెంటర్ (సంస్థ అకౌంట్లన్నీ చూసుకునే పేజీ) తెరిచి, ‘టీమ్స్ అండ్ గ్రూప్స్’ కింద ‘షేర్డ్ మెయిల్‌బాక్సెస్’లోకి వెళ్లండి. ‘యాడ్ ఎ షేర్డ్ మెయిల్‌బాక్స్’ నొక్కి పేరు, అడ్రసు ఇవ్వండి. తర్వాత సభ్యులను చేర్చండి. ఇక్కడ చేర్చినవాళ్లకి మెయిల్‌బాక్స్ పూర్తిగా తెరిచే అధికారం, దాని పేరుతో మెయిల్ పంపే అధికారం రెండూ వస్తాయి. 50 జీబీ వరకు ఈ మెయిల్‌బాక్స్‌కి విడిగా లైసెన్సు కొనక్కర్లేదు. వాడే మనుషులకి మాత్రం ఒక్కొక్కరికీ లైసెన్సు ఉండాలి. మీ సంస్థలో అకౌంటు లేని బయటి మనిషిని, అంటే మీ ఆడిటర్‌నో ఏజెంటునో, సభ్యుడిగా చేర్చడం కుదరదు.

ఇక్కడే ఇంకో మూడు పనులు చేసేయండి. తర్వాత చూద్దామంటే మరిచిపోతారు.

ఒకటి, సైన్ ఇన్ ఆపడం. షేర్డ్ మెయిల్‌బాక్స్ వెనక కూడా ఒక యూజర్ అకౌంటు ఉంటుంది. ‘యాక్టివ్ యూజర్స్’లో దాన్ని వెతికి ‘బ్లాక్ సైన్ ఇన్’ పెట్టండి. అందరూ ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లే లాగిన్ అయి ఈ పెట్టెను తెరుస్తారు కాబట్టి దీనికంటూ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక్కర్లేదు. పాస్‌వర్డ్ రాసి గోడమీద అంటించిన కాయితం ఉంటే తీసెయ్యొచ్చు.

రెండు, పంపిన మెయిళ్లు. దీన్ని సరిచేయకపోతే మీరు ఇచ్చిన జవాబు మీ సొంత ‘సెంట్ ఐటెమ్స్’లోకే పోయి, పక్కవాళ్లకి కనిపించకపోవచ్చు. అలాగైతే రెండు రేట్ల గొడవ మళ్లీ వస్తుంది. మెయిల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ‘సెంట్ ఐటెమ్స్’ దగ్గర, ఈ మెయిల్‌బాక్స్ పేరుతో పంపినవాటికి నకలు ఇందులోనే ఉంచమనే ఎంపికలు రెండు ఉంటాయి. రెండూ ఆన్ చేయండి.

మూడు, ‘మీ మెయిల్ అందింది’ అనే ఆటోమేటిక్ రిప్లై. ఇదీ అదే పేజీలో ఉంది. సంస్థ లోపలివాళ్లకి వద్దు, బయటివాళ్లకే ఆన్ చేయండి. రెండు వాక్యాలు చాలు: మెయిల్ అందింది, పని దినాల్లో ఫలానా సమయం లోపల జవాబు వస్తుంది. నిలబెట్టుకోలేని సమయం రాయకండి. ఈ రిప్లై ఒక్కో అడ్రసుకి ఒక్కసారే వెళ్తుంది, పాత కస్టమర్‌కి ప్రతిసారీ వెళ్లదు. మొదట ఇది లోపం అనుకున్నాను. ఇప్పుడైతే నాకు ఇందులో నచ్చేదే అది.

ఎందుకంటే ఫ్లోతో సొంతంగా రిప్లై పంపబోయి ఒక వారాంతం పాడు చేసుకున్నాను. కస్టమర్ ఊళ్లో లేడు, ఆయన మెయిల్ కూడా ఏదో ఆటోమేటిక్ జవాబు ఇస్తోంది. మా ఫ్లో దానికి ‘అందింది’ అంది. అటు నుంచి ‘ఊళ్లో లేను’ అని వచ్చింది. దానికి మా ఫ్లో మళ్లీ ‘అందింది’ అంది. సోమవారం వచ్చేసరికి ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఇలాంటి ఉచ్చు పడకుండా ఆటోమేటిక్ జవాబులు ఎలా నడుచుకోవాలో 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 అనే పత్రం చెప్పింది. మెయిల్‌బాక్స్‌లో ముందే ఉన్న రిప్లై ఇలాంటివి చూసుకుంటుంది. మనం చేతితో అల్లిన ఫ్లోలో అవన్నీ మనమే గుర్తు పెట్టుకుని రాయాలి. ఉన్నది వాడుకోవడమే మేలు.

సభ్యుల అవుట్‌లుక్‌లో పెట్టె దానంతటదే కనిపించడానికి గంట వరకు పట్టవచ్చు. అప్పటికీ రాకపోతే అవుట్‌లుక్ మూసి తెరవమనండి. ఫోన్‌లో అవుట్‌లుక్ యాప్ ఉంటే ‘యాడ్ అకౌంట్’ దగ్గరే షేర్డ్ మెయిల్‌బాక్స్ చేర్చే ఎంపిక కూడా ఉంది.

లిస్టు

ఏ మెయిల్ ఎవరి దగ్గరుందో చూపించడానికి రంగుల కేటగిరీలు వాడొచ్చు, ఒక్కొక్కరి పేరున ఫోల్డర్ పెట్టొచ్చు. ముగ్గురే ఉంటే కేటగిరీలు చాలు, మిగతాదంతా చదవక్కర్లేదు. ఐదారుగురు దాటితే లెక్క కావాలి. దానికి మైక్రోసాఫ్ట్ లిస్ట్స్ వాడతాం. ఎక్సెల్ షీట్ కూడా పెట్టొచ్చు గానీ, ఎవరో దాన్ని తెరిచి ఉంచినప్పుడు ఫ్లో అందులో రాయలేక ఆగిపోవచ్చు. ఆ తలనొప్పి మీకెందుకు?

టీమ్ వాడే షేర్‌పాయింట్ సైట్‌లో (టీమ్ ఫైళ్లూ లిస్టులూ ఉండే చోటు) కొత్త లిస్టు పెట్టి ఈ కాలమ్‌లు చేర్చండి. సబ్జెక్టు (ముందే ఉండే టైటిల్ కాలమ్ దీనికి సరిపోతుంది), పంపినవాళ్ల అడ్రసు, సంభాషణ ఐడీ (ఒక మెయిల్‌కీ దాని జవాబులన్నిటికీ ఉమ్మడిగా ఉండే గుర్తు), బాధ్యుడు, స్థితి. బాధ్యుడు కాలమ్ ‘పర్సన్’ రకం. స్థితి కాలమ్ ‘చాయిస్’ రకం, అందులో నాలుగు ఎంపికలు: కొత్తది, పనిలో ఉంది, మళ్లీ వచ్చింది, అయిపోయింది. వచ్చిన సమయం లిస్టే రాసుకుంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. కాలమ్‌ని మొదటిసారి పెట్టేటప్పుడు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వండి. లోపల ఆ పేరే శాశ్వతంగా ఉండిపోతుంది. మొదటే తెలుగులో పెడితే లోపలి పేరు అంకెలూ అక్షరాలూ కలగలిసి చదవలేనట్టు తయారవుతుంది, ఫ్లోలో దాన్ని రాయాల్సి వచ్చినప్పుడు ప్రాణం తీస్తుంది. ఇంగ్లీషులో పెట్టి సేవ్ చేశాక, పైకి కనిపించే పేరుని తెలుగులోకి మార్చుకోండి. లోపలి పేరు మారదు.

సంభాషణ ఐడీ కాలమ్ ‘సింగిల్ లైన్’ రకమే ఉండాలి. ‘మల్టిపుల్ లైన్స్’ అయితే దానిమీద వెతకడం కుదరదు. లిస్టు సెట్టింగ్స్‌లో ఆ కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) కూడా పెట్టేయండి. 5,000 వరుసలు దాటాక ఇండెక్స్ లేకపోతే వెతుకులాట ఆగిపోతుంది. రోజుకి ముప్పై మెయిళ్లొచ్చే ఆఫీసుకి అది ఆరేడు నెలల మాట.

మొదటి ఫ్లో: వచ్చింది వచ్చినట్టు ఎక్కించడం

పవర్ ఆటోమేట్ తెరిచి ‘క్రియేట్’, తర్వాత ‘ఆటోమేటెడ్ క్లౌడ్ ఫ్లో’. ట్రిగ్గర్లలో, అంటే ఫ్లోని మొదలుపెట్టే సంఘటనల్లో, ‘షేర్డ్ మెయిల్‌బాక్స్’ అని వెతికి, షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి కొత్త మెయిల్ వచ్చినప్పుడు అనే అర్థం వచ్చేది ఎంచుకోండి, పేరు చివర వి2 ఉంటుంది. పక్కనే మామూలు ఇన్‌బాక్స్ ట్రిగ్గర్ కూడా కనిపిస్తుంది. దాన్ని పెట్టేసి ఫ్లో ఎందుకు కదలట్లేదని గింజుకునేవాళ్లు చాలామంది. అడ్రసు దగ్గర మీ ఉమ్మడి ఐడీ ఇచ్చి, ఫోల్డర్‌గా ఇన్‌బాక్స్ ఎంచుకోండి. ఫ్లో తయారుచేసే మనిషి ఆ పెట్టెలో సభ్యుడై ఉండాలి. ఇప్పుడే చేర్చి ఉంటే ఆ అధికారం ఫ్లో దాకా చేరడానికి రెండు గంటలు పట్టవచ్చు. అధికారం లేదని ఎర్రగా వస్తే టీ తాగి రండి.

తర్వాతి అడుగు షేర్‌పాయింట్‌లోని ‘గెట్ ఐటెమ్స్’. వచ్చిన మెయిల్ సంభాషణ ఐడీ, లిస్టులో ఇప్పటికే ఉన్న ఏ వరుసదైనా ఒకటేనా అని వెతకమంటాం. ‘ఫిల్టర్ క్వెరీ’ పెట్టెలో కాలమ్ లోపలి పేరు, సమానం అనే గుర్తుకి బదులు వాడే రెండక్షరాల మాట (eq), ఆ తర్వాత ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ట్రిగ్గర్ ఇచ్చే ‘కాన్వర్సేషన్ ఐడీ’. ఒంటి కొటేషన్ గుర్తులు మరిచిపోతే తప్పు చూపిస్తుంది.

ఆ కింద ‘కండిషన్’ పెట్టండి. దొరికిన వరుసల లెక్క సున్నా అయితే ఇది కొత్త సంభాషణ, ‘క్రియేట్ ఐటెమ్’తో వరుస చేర్చి స్థితి ‘కొత్తది’ అని పెట్టాలి. సున్నా కాకపోతే ఇది పాత దానికి కొనసాగింపు, ‘అప్‌డేట్ ఐటెమ్’తో స్థితిని ‘మళ్లీ వచ్చింది’గా మార్చాలి. ఈ రెండో దారిని తేలిగ్గా తీసుకోకండి. కొత్త మెయిల్‌ని అందరూ చూస్తారు. మూడు రోజుల కిందట ‘అయిపోయింది’ అని మూసేసిన దానికి కస్టమర్ ‘సరుకు ఇంకా రాలేదండీ’ అని ఒక్క ముక్క రాస్తాడు, ఆ ముక్కే ఎవరి కంటా పడదు.

ఒక చిక్కు ఉంది. మనవాళ్లే కస్టమర్‌కి రాస్తూ ఉమ్మడి ఐడీని సీసీలో పెడితే ఆ నకలు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి, స్థితి ‘మళ్లీ వచ్చింది’గా మారిపోతుంది. అందుకని ఆ రెండో దారిలో ఇంకో చిన్న కండిషన్: పంపిన అడ్రసులో మీ డొమైన్ (@ తర్వాతి భాగం) ఉంటే ఏమీ చేయొద్దు. మొదటి దారిలో మాత్రం ఈ అడ్డు పెట్టకండి. సేల్స్ మనిషి తన సొంత మెయిల్‌కి వచ్చిన ఆర్డర్‌ని ఉమ్మడి పెట్టెకి ఫార్వర్డ్ చేస్తాడు, అది లిస్టులోకి రావాల్సిందే.

బాధ్యుడు కాలమ్ ఖాళీగా వదిలేయండి. మేం మొదట సబ్జెక్టులో ‘బిల్లు’ ఉంటే అకౌంట్స్‌కి, ‘డెలివరీ’ ఉంటే డిస్పాచ్‌కి అని ఫ్లోతోనే పంచాం. కాగితం మీద బాగుంది. జనం మాత్రం కొత్త ఆర్డర్ ఇవ్వాలంటే కొత్త మెయిల్ మొదలుపెట్టరు, చేతికందిన పాత మెయిల్‌కి రిప్లై కొడతారు. దాంతో ఆరు నెలల కిందటి బిల్లు సబ్జెక్టుతో కొత్త ఆర్డర్లు అకౌంట్స్ అమ్మాయి దగ్గరికి చేరేవి. ఇప్పుడు రోజుకొకరికి పంపకం డ్యూటీ. పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి లిస్టు తెరిచి, ఖాళీగా ఉన్న ప్రతి వరుసలో ఒక పేరు పెట్టాలి. ఇద్దరి పేర్లు పెట్టకూడదు. పావుగంట పని.

రెండో ఫ్లో: గుర్తు చేయడం

‘షెడ్యూల్డ్ క్లౌడ్ ఫ్లో’ తీసుకోండి. వారం లెక్కన పెట్టి, మీ పని దినాలు టిక్ చేసి, గంటలు 11, 14, 17 ఇవ్వండి. టైమ్ జోన్ తప్పకుండా మార్చండి. ఏమీ ఎంచుకోకపోతే పవర్ ఆటోమేట్ యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) లెక్కలో నడుస్తుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. పదకొండింటికి రావాల్సిన కబురు సాయంత్రం నాలుగున్నరకి, ఐదింటికి రావాల్సింది రాత్రి పదిన్నరకి వస్తాయి. జాబితాలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే మనది. హైదరాబాద్ కోసం వెతక్కండి, లేదు.

ఇక్కడా ‘గెట్ ఐటెమ్స్’ వాడాలి. స్థితి ‘కొత్తది’ గానీ ‘మళ్లీ వచ్చింది’ గానీ అయి, చివరిసారి మార్పు జరిగి నాలుగు గంటలు దాటినవి కావాలి. దొరికినవాటిని ‘క్రియేట్ హెచ్‌టీఎంఎల్ టేబుల్’తో ఒక పట్టికగా చేసి, టీమ్స్ ఛానెల్‌లో ఒక్క మెసేజ్‌గా వేయించండి. ఏమీ దొరక్కపోతే అసలు మెసేజ్ వేయొద్దని కండిషన్ పెట్టండి. వచ్చిన ప్రతి మెయిల్‌కీ టీమ్స్‌లో టింగుమనిపించాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. వద్దు. మూడో రోజుకి అందరూ ఆ ఛానెల్‌ని మ్యూట్ చేస్తారు, ఇక నిజంగా ఆలస్యమైనది కూడా వినపడదు.

పరీక్షించడం

కస్టమర్లకి ఐడీ ఇచ్చే ముందు ఒక రోజు ఆడి చూడండి. మీ సొంత జీమెయిల్ నుంచి తెలుగు సబ్జెక్టుతో ఒకటి పంపండి, వరుస చేరిందా? ఆటోమేటిక్ రిప్లై వచ్చిందా? ఉమ్మడి పెట్టె నుంచి ఒకరు జవాబిస్తే రెండోవాళ్లకి ‘సెంట్ ఐటెమ్స్’లో కనిపిస్తోందా? ‘అయిపోయింది’ అని మూసి, జీమెయిల్ నుంచి మళ్లీ రిప్లై కొట్టండి, స్థితి మారిందా? సీసీ చిక్కు కూడా చూడండి. ఎక్కడ తేడా వచ్చినా ఫ్లో పేజీలోని రన్ హిస్టరీలో ఏ అడుగు దగ్గర ఆగిందో ఎర్రగా కనిపిస్తుంది. 28 రోజుల చరిత్ర అక్కడ ఉంటుంది.

కొన్ని మెయిళ్లు ఫ్లోకి కనిపించవు. జంక్ ఫోల్డర్‌లో పడ్డవి, ఏదైనా రూల్ వల్ల నేరుగా ఇంకో ఫోల్డర్‌లోకి పోయినవి, 50 ఎంబీ దాటినవి, కొన్నిసార్లు ఎన్‌క్రిప్ట్ చేసినవి. అందుకే పంపకం డ్యూటీ మనిషి లిస్టుతో పాటు జంక్ ఫోల్డర్ కూడా రోజూ ఒకసారి తెరవాలి. ఉమ్మడి పెట్టెలో పాత రూల్స్ ఏవైనా ఉంటే తీసేయండి.

మనిషి మారినప్పుడు

ఫ్లో దాన్ని తయారుచేసిన మనిషి లాగిన్ మీద నడుస్తుంది. ఆయన పాస్‌వర్డ్ మార్చినా, ఉద్యోగం మానేసినా కనెక్షన్ తెగి, ఫ్లో ఆగిపోవచ్చు. తప్పు వస్తోందని కబురు కూడా ఆయన మెయిల్‌కే వెళ్తుంది. వరసగా 14 రోజులు విఫలమైతే పవర్ ఆటోమేట్ దాన్ని ఆఫ్ చేసేస్తుంది. కాబట్టి మొదటి రోజే ఫ్లోలు రెండింటికీ ఇంకొకరిని కో-ఓనర్‌గా చేర్చండి.

ఎవరైనా మానేస్తుంటే, చివరి రోజు కాదు, ముందు రోజే లిస్టుని వాళ్ల పేరుతో ఫిల్టర్ చేసి ‘అయిపోయింది’ కానివన్నీ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటిగా వేరే పేర్ల మీదికి మార్చండి. అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ఒకరి నెత్తిన వేయడం సులువే గానీ, వాటిలో దేనికి ఫోన్లో ఏం మాట ఇచ్చారో లిస్టులో ఉండదు. వెళ్లే మనిషిని అడిగితేనే తెలుస్తుంది. మర్నాడు సాయంత్రం షేర్డ్ మెయిల్‌బాక్స్ సభ్యుల్లోంచి పేరు తీసేసి, ఫ్లో పేజీలో కనెక్షన్లు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. వెళ్లినవాళ్లవైతే కో-ఓనర్ లాగిన్‌తో మార్చి, జీమెయిల్ నుంచి ఒక టెస్ట్ మెయిల్ పంపి వరుస చేరిందో లేదో చూసుకోండి.